తాత పెట్టెలో తెరుచుకోని చాకులు

బటన్ నొక్కితే ‘టక్’మని తెరుచుకోవాలి. తెరుచుకోదు. ఇంకాస్త గట్టిగా నొక్కుతారు. ఊహూ... రాదు. దాంతో పట్టుదల పెరిగి స్క్రూడ్రైవరో చెంచా కాడో తెచ్చి సందులో పెట్టి ఎత్తుతారు. ఈసారి తెరుచుకుంటుంది. కాకపోతే పిడి పగిలి, స్ప్రింగు విరిగి, ఒక్కోసారి వేలు కూడా తెగి! తాతల నాటి ఆటోమేటిక్ చాకుకి మనవల చేతిలో జరిగే మర్యాద చాలాసార్లు ఇదే.

అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇది తరచూ ఎదురయ్యే సంగతే. ఇంట్లో పెద్దాయన పోతారు. పిల్లలు ఇల్లు సర్దుతుంటే అటక మీదో గ్యారేజీలోనో ఓ సిగార్ల డబ్బా దొరుకుతుంది. మూత తీస్తే పది పన్నెండు మడత చాకులు. కొన్నింటికి కొమ్ము పిడి, కొన్నింటికి ముత్యంలా మెరిసే పిడి. పక్కన ఓ చిన్న బటన్. ఆయన వాటి గురించి ఎప్పుడూ చెప్పి ఉండరు, వీళ్లూ అడిగి ఉండరు. ఇప్పుడు ప్రశ్నలన్నీ ఒకేసారి వస్తాయి. ఇవి ఎక్కడివి? ఎప్పటివి? అసలు ఇంట్లో ఉంచుకోవచ్చా? జవాబు చాకు మీదే రాసి ఉంటుంది. బ్లేడు మొదట్లో, పిడికి ఆనుకుని ఉండే చోట, తయారీదారు పేరూ ఊరూ అక్షరాలుగా కొట్టి ఉంటాయి. చిక్కేంటంటే... చాకు మూసి ఉన్నప్పుడు ఆ అక్షరాలు పిడి లోపల దాక్కుంటాయి. తెరిస్తేగానీ పేరు తెలియదు. పేరు తెలిస్తేగానీ ఎలా తెరవాలో తెలియదు!

అందుకే ఈ విద్యలో అనుభవం ఉన్నవాళ్లు బటన్ జోలికి వెళ్లరు. ముందు చాకుని బయటినుంచే చదువుతారు.

గోళ్లు విరగకుండా...

మన సినిమాల్లో బటన్ చాకు అంటే విలనే గుర్తొస్తాడు. కానీ అది పుట్టినప్పుడు దాని మీద ఆ మచ్చ లేదు. మామూలు మడత చాకుని తెరవాలంటే బ్లేడు మీది సన్నటి గాడిలో గోరు పెట్టి లాగాలి. గోరు విరుగుతుంది, చలికి వేళ్లు కొంకర్లు పోతే అసలు పట్టే దొరకదు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన జార్జ్ ష్రేడ్ అనే ఆయన దీనికో ఉపాయం ఆలోచించాడు. బటన్ నొక్కితే తెరుచుకునే చాకుకి 1892లో పేటెంట్ పొందాడు. 1904లో అన్నదమ్ములతో కలిసి వాల్డెన్ అనే చిన్న ఊళ్లో ష్రేడ్ కట్లరీ కంపెనీ పెట్టాడు. గోళ్లు విరగవన్నది అప్పట్లో ఈ చాకుల అమ్మకానికి పనికొచ్చిన మాట. కొన్నది రైతులు, వేటగాళ్లు, ఒక చెయ్యి ఖాళీ లేకుండా పనిచేసేవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే చాకు ఆకాశంలోకి ఎక్కింది. పారాచూట్‌తో దూకిన సైనికుడు ఏ చెట్టుకొమ్మకో చిక్కుకుని వేలాడుతుంటే ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో తాళ్లు కోసుకోవాలి. అందుకని అమెరికా సైన్యం తన పారాట్రూపర్లకు ‘ఎం2’ అనే బటన్ చాకు ఇచ్చింది. 1942 నమూనా జాకెట్‌కి మెడ దగ్గర జిప్పు ఉన్న చిన్న జేబు ఉండేది... ఆ చాకు కోసమే. తర్వాతి కాలంలో విమాన సిబ్బందికి నారింజ రంగు పిడితో ఇంకో రకం వచ్చింది. అందులో ఒక వైపు బటన్‌తో తెరుచుకునే బ్లేడు, రెండో వైపు తాళ్లు కోసేందుకు కొక్కెంలా వంగిన బ్లేడు. తాత పెట్టెలో నారింజ పిడి కనిపిస్తే ఆ ఇంటికి వైమానిక దళంతో ఏదో సంబంధం ఉండి ఉంటుందని మొదటి అనుమానం రావాలి.

యుద్ధం ముగిశాక ఇటలీ నుంచి ఇళ్లకు తిరిగొచ్చిన సైనికులు సంచుల్లో మరో రకం చాకులు తెచ్చారు. సన్నగా, పొడవుగా, సూదిలాంటి మొనతో, పిడికి అడ్డంగా రెండు చిన్న కొమ్ములతో... స్టిలెట్టో. ఇటలీ ఈశాన్య మూలన ఫ్రియులి ప్రాంతంలోని మనియాగో అనే ఊరు వీటి పుట్టిల్లు. 1453లో తవ్విన ఓ కాలువ నీటితో సమ్మెటలు ఆడించి కత్తులు చేయడం మొదలుపెట్టిన ఊరది. ఇప్పటికీ అదే వృత్తి. ఓ పాత ఫ్యాక్టరీలో చాకుల మ్యూజియం కూడా ఉంది. సైనికులు తెచ్చినవి చూసి మోజు పెరిగి, 1950ల్లో అమెరికాకి ఇటలీ చాకులు పెట్టెలకొద్దీ దిగుమతి అయ్యాయి.

అక్కడే కథ అడ్డం తిరిగింది. 1950 నవంబరులో ఓ మహిళా పత్రికలో ‘చంపే బొమ్మ’ అన్న అర్థం వచ్చే శీర్షికతో పెద్ద వ్యాసం వచ్చింది. వీధి కుర్రాళ్ల ముఠాలూ బటన్ చాకులూ ఒకే మాటగా మారిపోయాయి. 1955లో వచ్చిన ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ సినిమాలో కుర్రాళ్ల చాకుల పోరు, 1957 నాటి ‘12 యాంగ్రీ మెన్’లో జ్యూరీ బల్ల మీద దిగిన స్విచ్‌బ్లేడు ప్రేక్షకుల మనసులో ఆ బొమ్మని గట్టిగా అచ్చు వేశాయి. న్యూయార్క్ రాష్ట్రం 1954లో వీటి అమ్మకాన్ని నిషేధించింది. 1958లో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. రాష్ట్రం దాటి అమ్మకూడదు, విదేశాల నుంచి తేకూడదు. సైన్యానికీ, ఒకే చెయ్యి ఉన్నవాళ్లు వెంట ఉంచుకునే మూడంగుళాల లోపు బ్లేడుకీ మాత్రం మినహాయింపు!

తాతలు వాటిని డబ్బాలో పెట్టి మూత వేసిన కాలం కూడా చాలా ఇళ్లలో అదే.

పేరు కాని పేర్లు

బయటినుంచి చదవడం అంటే ఏం చూడాలి? మొదట బటన్. పిడి ముఖం మీద గుండ్రటి బటన్, దాని పక్కనే పైకీ కిందికీ జరిగే చిన్న లోహపు పట్టీ ఉంటే అది సేఫ్టీ. జేబులో ఉండగా పొరపాటున తెరుచుకోకుండా వేసే గొళ్లెం. ‘తుప్పు పట్టి బిగుసుకుపోయింది’ అనుకున్న చాకు నిజానికి సేఫ్టీ వేసి ఉన్న చాకు కావడం మామూలే. జరిపే దిశ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఎటూ జరగకపోతే దాని చుట్టూ మట్టి గట్టిపడి ఉంటుంది.

బటన్ బదులు పిడి మీద పడుకుని ఉన్న చిన్న మీట కనిపిస్తే అది చాలావరకు జర్మన్ పద్ధతి. దాన్ని నొక్కకూడదు, ముందు పైకి లేపాలి. సంగతి తెలియని వారసుడు పడుకున్న మీటనే బలంగా అదిమి అదిమి విరగ్గొడతాడు. జర్మనీ పారాట్రూపర్ల చాకు ఇంకా తమాషా. అందులో స్ప్రింగే లేదు! మొన నేలవైపు ఉండేలా పట్టుకుని మీట ఎత్తితే బ్లేడు దాని బరువుతో అదే జారి వస్తుంది. దాన్ని అడ్డంగా పట్టుకుని ‘స్ప్రింగు పోయింది’ అనుకుంటే అది చాకు తప్పు కాదు.

ఇటలీ చాకుల వయసు చెప్పేది మూసే పద్ధతి. పాతవాటిలో బ్లేడు మొదట్లో ఓ చిన్న సీల ఉంటుంది. తెరిచినప్పుడు అది వెనకవైపు పట్టీలోని రంధ్రంలో కూర్చుంటుంది. మూయాలంటే ఆ పట్టీ కొసని గోటితో పైకెత్తాలి. వీటిని సేకర్తలు ‘పిక్‌లాక్’ అంటారు. 1950ల చివర్లో, 1960ల మొదట్లో ఈ పద్ధతి వెనకబడి, అడ్డుకొమ్ములున్న లోహపు తొడుగుని కాస్త పక్కకి తిప్పితే లాక్ వదిలే పద్ధతి వచ్చింది. పిక్‌లాక్ అయితే గిరాకీ ఎక్కువ. అది తెలియక కొత్త పద్ధతి అనుకుని తొడుగుని పటకారుతో తిప్పబోయి పాడుచేసినవాళ్లూ ఉంటారు.

ఇక అక్షరాలు. భూతద్దం, ఏటవాలుగా పడే టార్చి వెలుగు ఉంటే సందులోంచి కొన్ని కనిపిస్తాయి. అయితే కనిపించిన ప్రతి మాటా కంపెనీ పేరు కాదు. ‘రోస్ట్‌ఫ్రై’ అని ఉంటే ఫలానా రోస్ట్‌ఫ్రై గారి చాకు అనుకుంటారు. అది జర్మన్ భాషలో తుప్పు పట్టనిదని అర్థం. ‘ఇనాక్స్’ కూడా అంతే. మనకి సినిమా హాలుగా తెలిసిన ఈ మాట ఫ్రెంచ్‌లో స్టెయిన్‌లెస్ ఉక్కుకి పొట్టిపేరు. ‘సోలింగెన్’ కంపెనీ కాదు, జర్మనీలో చాకులకి పేరుపడ్డ పట్టణం. ఇతరులు ఆ పేరు వాడకుండా 1938లో చట్టమే చేశారు.

అసలు ఉపయోగం తేదీలకు దారి చూపే మాటలతో. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. ‘ష్రేడ్ కట్ కో’ అని ఉంటే 1946కి ముందుది. ఆ ఏడాది కంపెనీ చేతులు మారింది, ముద్ర ‘ష్రేడ్ వాల్డెన్’ అయింది. పేరు మారుతూ 2004 దాకా నడిచిన ఆ కంపెనీ అప్పుడు మూతపడింది. తాత పెళ్లికి ముందు కొన్నదా, యుద్ధం నుంచి వచ్చాక కొన్నదా అన్నది ఒక్కోసారి ఇలాంటి రెండు మాటలే తేలుస్తాయి. అందుకే ఆ నాలుగు అక్షరాల మీద గీత పడకుండా చాకు తెరవడం ముఖ్యం.

కర్పూరం వాసన

పిడి దేనితో చేశారో తెలుసుకోకుండా నూనె చుక్క కూడా వేయకూడదు. ఇక్కడ మనకీ ఓ సంబంధం ఉంది. పాత చాకుల మీద గరుకుగా, గోధుమ రంగు గాళ్లతో కనిపించే కొమ్ము చాలావరకు మన కణుజు కొమ్మే. ఏటా రాలిపోయే ఆ కొమ్ములు భారతదేశం నుంచి ఓడలకొద్దీ ఇంగ్లండుకీ జర్మనీకీ అమెరికాకీ వెళ్లేవి. 1990ల చివర్లో ఎగుమతి ఆగిపోయింది. నల్లటి నున్నటి పిడి అయితే గేదె కొమ్ము కావచ్చు. దాన్ని పురుగు తింటుంది, ఎండితే పొరలుగా లేస్తుంది. ఎముక పిడి అయితే దగ్గరగా చూస్తే సన్నటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి. వేడినీళ్లలో వేస్తే పగుళ్లిస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది మాత్రం ముత్యపు రంగులో, తాబేటి చిప్ప రంగులో, పాలూ తేనె కలిసినట్లు మెరిసే పిడితో. అది సెల్యులాయిడ్. పోల్చుకోవడం తెలుగువాళ్లకి చాలా తేలిక. బొటనవేలితో కాసేపు గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం వాసన వస్తుంది. అవును, హారతి కర్పూరమే! 1870 ప్రాంతంలో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ అనే ఆయన బిలియర్డ్ బంతులకి ఏనుగు దంతం బదులు ఇంకేదైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ, నైట్రేట్ కలిసిన సెల్యులోజ్‌కి కర్పూరం జోడించి దీన్ని తయారుచేశాడు. దువ్వెనలు, బొమ్మలు, పింగ్‌పాంగ్ బంతులు, సినిమా రీళ్లు అన్నీ దీంతోనే వచ్చాయి. మన తొలి తెలుగు టాకీల కాలంలో వాడిన ఫిల్మ్ కూడా ఈ నైట్రేట్ కుటుంబానిదే. ఆనాటి రీళ్లు మిగలకపోవడానికి ఉన్న కారణాల్లో ఈ పదార్థపు గుణం ఒకటి.

ఎందుకంటే సెల్యులాయిడ్ నిశ్శబ్దంగా చస్తుంది, పక్కవాళ్లని కూడా తీసుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అందులోంచి నైట్రోజన్ ఆక్సైడ్ ఆవిర్లు వెలువడతాయి. గాలిలోని తేమ తగలగానే అవి ఆమ్లంగా మారతాయి. మూత బిగించిన డబ్బాలో ఆ ఆవిరి ఎటూ పోలేక అన్ని బ్లేడుల మీదా కూర్చుంటుంది. ఒక చాకు పిడి చెడితే డబ్బాలో ఉన్న పది చాకులూ తుప్పు పడతాయి. ఇత్తడి పలకల మీద పచ్చటి చిలుము పేరుకుంటుంది. వారసులకి దొరికిన చాకులు తెరుచుకోకపోవడానికి తేమనే తిడతారుగానీ దొంగ చాలాసార్లు అదే డబ్బాలో అందంగా మెరుస్తూ ఉంటాడు. మెత్తగా ఉంటుంది కదా అని తోలు తొడుగులో పెట్టినా ఇదే పరిస్థితి. తోలు పదును చేయడానికి వాడిన రసాయనాలు తేమతో కలిసి ఉక్కుని తింటాయి.

సెల్యులాయిడ్‌తో మరో రెండు గండాలున్నాయి. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో ఉండే ఎసిటోన్ తగిలితే కరిగిపోతుంది. జిడ్డు వదిలిద్దామని అమ్మాయి డ్రెస్సింగ్ టేబుల్ మీది సీసా తెచ్చి దూదితో తుడిస్తే, యాభై ఏళ్ల ముత్యపు పిడి అయిదు నిమిషాల్లో బంకలా సాగుతుంది.

బిగుసుకున్నది ఎక్కడ?

లోపలి ఏర్పాటు చిన్నదే. పిడిలో సన్నటి ఉక్కు పట్టీ ఒకటి ఉంటుంది. బ్లేడుని మడిచినప్పుడు అది విల్లులా వంగుతుంది. బటన్ అడుగున ఉన్న కొక్కెం బ్లేడు మొదట్లోని గుంటలో పడి దాన్ని ఆపుతుంది. బటన్ నొక్కితే కొక్కెం లేస్తుంది. వంగిన పట్టీ బ్లేడుని బయటికి తంతుంది. అంటే మూసి ఉన్న ఆటోమేటిక్ చాకు ఎక్కుపెట్టిన బాణం లాంటిది. యాభై అరవై ఏళ్లుగా ఎక్కుపెట్టే ఉంది. తుప్పు దాన్ని ఆపింది అంతే. నూనె వేశాక ఆ తుప్పు ఏ క్షణాన వదులుతుందో చెప్పలేం. సాయంత్రం నూనె వేసి బల్ల మీద పెట్టిన చాకు రాత్రికి ఎవరి చేతిలోనో తెరుచుకోవచ్చు. అందుకే పని మొదలుపెట్టినప్పటి నుంచీ దాన్ని మందపాటి గుడ్డలో చుట్టి, బ్లేడు బయటికొచ్చే వైపు ఎవరూ లేకుండా చూసుకోవాలి. చేతికి తొడుగు, కళ్లకి అద్దాలు ఉండాలి. పిల్లలున్న ఇంట్లో అయితే తాళం వేసిన గదే మేలు.

ఆ తర్వాత తెలుసుకోవాల్సింది బిగుసుకున్న చోటు. దానికి బటనే చెబుతుంది. సేఫ్టీ తీసి, వేలితో మామూలు బలంతో నొక్కాలి. బటన్ అసలు కదలడం లేదంటే తప్పు బ్లేడులో కాదు, బటన్ చుట్టూ గట్టిపడిన మురికిలో ఉంది. బటన్ చక్కగా దిగుతోంది కానీ బ్లేడులో చలనం లేదంటే తిరిగే ఇరుసు దగ్గర తుప్పు పట్టి ఉంటుంది. లేదా స్ప్రింగు విరిగి ఉంటుంది. బ్లేడు కొద్దిగా కదిలి నీరసంగా ఆగిపోతే స్ప్రింగు బతికే ఉంది, పాత నూనె బంకలా మారి అడ్డుపడుతోంది. ఈ మూడో రకానిది అదృష్టవంతుల చాకు. స్ప్రింగు విరిగిన ఇటలీ చాకుని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే ఒక్కోసారి లోపల ముక్క కదిలే చప్పుడు వినిపిస్తుంది. అలాంటిదానికి ఎన్ని చుక్కల నూనె పోసినా తెరుచుకోదు. అది విప్పి బాగుచేయగల నిపుణుడి పని.

తుప్పు అయితే మందు ఓపికే. సందుల్లోకి పాకే పల్చటి నూనెలు అమెరికాలో హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. ‘క్రోయిల్’ లాంటివి ఈ పనికి పేరున్నవి. అందరి ఇళ్లలో ఉండే డబ్ల్యూడీ-40 తేమని తరమడానికి పుట్టింది. తుప్పు కాస్త వదిలించినా, తుడవకుండా వదిలేస్తే ఎండి జిగురు పొర మిగులుతుంది. వంటనూనె మాత్రం వద్దే వద్దు. చాకు బిగుసుకుపోవడానికి కారణం ఒక్కోసారి తాత వేసిన వంటనూనే! ఇరుసుకి రెండు వైపులా ఒక్కో చుక్క, బ్లేడు కూర్చునే సందులో మరో చుక్క వేసి, ఇరుసు కిందికి ఉండేలా నిలబెట్టి ఒక రోజంతా వదిలేయాలి. పిడి మీదికి పారిన నూనెని వెంటనే తుడవాలి. మర్నాడు బటన్ నొక్కి చూడాలి. కదలకపోతే ఇంకో చుక్క, ఇంకో రోజు. వారం పట్టినా పట్టొచ్చు.

వెంట్రుక మందం కదలిక కనిపించాక బ్లేడుకి సాయం చేయొచ్చు. దానికి ఐస్‌క్రీం పుల్ల చాలు. బటన్ నొక్కి ఉంచి, పుల్ల కొసని బ్లేడు వీపుకి ఆనించి కొద్దిగా తోయాలి. వెనక్కి రానిచ్చి మళ్లీ తోయాలి. ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి... తుప్పు పొడి అయి నూనెతో ఎర్రగా బయటికి కారుతుంది. దాన్ని తుడిచి, కొత్త చుక్క వేసి మళ్లీ. ఉక్కు స్క్రూడ్రైవరు పెడితే బ్లేడు మీద గీత, పిడి అంచున పగులు ఖాయం. బల్లకేసి కొడితే కొక్కెం విరుగుతుంది. కొందరు ‘వేడి చేస్తే లోహం వ్యాకోచిస్తుంది కదా’ అని సైన్సు గుర్తుచేసుకుంటారు. సెల్యులాయిడ్ పిడి ఉన్నదాని దగ్గరికి హెయిర్ డ్రయ్యర్ కూడా రాకూడదు. కొమ్ము, ఎముక పిడులకీ అది మంచిది కాదు.

చివరికో రోజు తెరుచుకుంటుంది. సినిమాలో లాగా ‘టక్’మని కాదు, ముసలాయన కుర్చీలోంచి లేచినట్లు. అప్పుడు చేయకూడని పని మళ్లీ మళ్లీ బటన్ నొక్కి ముచ్చటపడటం. తుప్పు గుంటలు పడిన పాత స్ప్రింగు ఆ ముచ్చటకే విరుగుతుంది. ముందు బ్లేడు మొదట్లోని అక్షరాలకి ఫొటో తీయాలి. తర్వాత పొడి గుడ్డతో తుడవాలి. తళతళలాడేలా పాలిష్ పట్టిస్తే అక్షరాల అంచులు అరిగిపోతాయి, నల్లబడ్డ పాత ఉక్కు రంగు పోతుంది, దాంతోపాటే ధరా పడిపోతుంది. కొనేవాళ్లు వెతికేది మెరుపు కాదు, ఎవరూ చెయ్యి పెట్టని చాకుని. ఇరుసుకి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు.

ఎంతకీ కదలని చాకులూ ఉంటాయి. వాటిని అలాగే వదిలేయడమే తెలివైన పని. పిడి మీద యజమాని పేరు చెక్కిన, సైన్యం నుంచి వచ్చిన చాకు మూసి ఉన్నా చాకే.

ఉంచుకోవచ్చా?

ఇది చాకు కన్నా బిగుసుకున్న ప్రశ్న. అమెరికాలో 1958 చట్టం రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని ఆపుతుందిగానీ ఇంట్లో ఉంచుకోవడం గురించి చెప్పేది రాష్ట్రాల చట్టాలే. టెక్సాస్ 2013లో నిషేధం ఎత్తేసింది. పెన్సిల్వేనియాలో 2023 జనవరి నుంచి అనుమతి ఉంది. మసాచుసెట్స్‌లో 2024లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం నిషేధాన్ని కొట్టేసింది. న్యూయార్క్‌లో మాత్రం కొద్దిపాటి మినహాయింపులు తప్ప దగ్గర ఉంచుకోవడమే నేరం. అంటే వాల్డెన్‌లో పుట్టిన చాకుకి సొంతూళ్లోనే చోటు లేదు! డల్లాస్‌లో ఉన్న మనవడు న్యూజెర్సీలో ఉన్న చెల్లికి ‘తాత గుర్తు’ అంటూ ఒకటి పోస్టులో పంపినా చిక్కే. స్విచ్‌బ్లేడుని టపాలో పంపడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

బ్రిటన్‌లో ఇంకా కఠినం. అక్కడ 1959 నుంచే తయారీ, అమ్మకం నిషేధం. ఇంట్లో ఉంచుకోవడం మీద మాత్రం నిషేధం లేదు. 2019లో చేసిన చట్టంతో ఆ వెసులుబాటూ పోయింది. 2020 డిసెంబరు నుంచి 2021 మార్చి దాకా ప్రభుత్వం గడువిచ్చి, అప్పగించినవాటికి పరిహారం ఇస్తామంది. 2021 జులై 14 నుంచి సొరుగులో ఉన్నా నేరమే. తాత చాకుని పోలీసు స్టేషన్లో ఇచ్చి రావాలా వద్దా అని కుటుంబాలు తేల్చుకోవాల్సి వచ్చింది. జర్మనీ కూడా 2024లో నిబంధనలు బిగించింది.

మన దేశంలో బటన్ చాకు అంటే ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ గుర్తొస్తుంది. 2023లో ఆ ఊరి కూడలిలో ఇరవై అడుగుల రాంపురి చాకు బొమ్మని నిలబెట్టి మరీ గర్వపడ్డారు. చట్టం మాత్రం అంత ముచ్చటగా చూడదు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం స్ప్రింగుతోనో బటన్‌తోనో తెరుచుకునే, 7.62 సెంటీమీటర్లు లేదా అంతకన్నా పొడవూ 1.72 సెంటీమీటర్లు లేదా అంతకన్నా వెడల్పూ ఉన్న బ్లేడు మీద ఆంక్ష ఉంది. అందుకని అమెరికాలోని అపార్ట్‌మెంట్ పక్కింటి పెద్దాయన ప్రేమగా ఇచ్చాడనో, పాత సామాన్ల అమ్మకంలో చవగ్గా దొరికిందనో సూట్‌కేసులో వేసుకుని హైదరాబాద్ విమానం ఎక్కేముందు రెండు దేశాల నిబంధనలూ కనుక్కోవాలి. ఎక్కడున్నా, అనుమానం ఉంటే న్యాయవాదిని అడగాలి. పెట్టె పట్టుకుని దుకాణాల చుట్టూ తిరగడం ఆ తర్వాతే.

అట్ట పెట్టెలో విడివిడిగా

ఉంచుకోవచ్చని తేలితే మొదట చేయాల్సింది ఆ పాత డబ్బాని వదిలించుకోవడం. కర్పూరం వాసన వచ్చినవన్నీ ఒక వైపు, మిగతావి ఒక వైపు. సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని గాలి బిగించే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టకూడదు. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, గాలి ఆడే అట్ట పెట్టెలో చల్లటి చోట ఉంచాలి. మిగతావాటి పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయాలి. బ్లేడుకి నూనె బదులు మైనం పూత కూడా పూస్తారు. బ్రిటిష్ మ్యూజియం వాళ్లు 1950ల్లో తమ వస్తువుల కోసం తయారుచేసుకున్న ‘రెనసాన్స్ వాక్స్’ ఇప్పటికీ చాలామంది సేకర్తలు వాడేది. ప్రతి చాకుకీ చిన్న చీటీ కట్టి అక్షరాలు ఏమున్నాయో, ఏ పద్ధతిలో తెరుచుకుంటుందో, సేఫ్టీ ఎటు జరుగుతుందో రాసి పెడితే తర్వాతివాళ్లు స్క్రూడ్రైవరు తేరు.

ఇక నెలకోసారి పెట్టె మూత తీసి వాసన చూడాలి. కర్పూరం వాసన ఉన్నన్నాళ్లూ ఫర్వాలేదు. ముక్కుకి ఘాటుగా, పుల్లగా తగిలితే, పిడి మీద చెమట పట్టినట్లు చుక్కలో, లోపల పగుళ్లో కనిపిస్తే ఆ చాకుని అదే రోజు మిగతావాటి నుంచి వేరు చేయాలి.